ఆపకూడని మోటారు

“ఈ గాలి చూస్తుంటే ఇవాళ ఎవరో ఒకరు నీళ్ళపాలవుతారు,” అన్నాను, పెనం మీద తోర్తియా తిరగేస్తూ.

మామూలుగా అయితే నా కూతురు నెరెయిదా నవ్వేది. “నువ్వు రోజూ ఇదే మాటంటావు, రోజూ అందరూ తిరిగొస్తారు,” అనేది. ఆ శుక్రవారం పొద్దున నవ్వలేదు. గోడవైపు తిరిగి కూర్చుంది. ముందున్న కాఫీ చల్లారిపోయింది. గుడ్లు ముట్టుకోలేదు.

“ఒంట్లో బాగాలేదు. ఇవాళ పడవెక్కను,” అంది.

నుదురు పట్టుకు చూశాను. జ్వరం లేదు. జ్వరం ఉంటే మాత్రేసి ఊరుకునేదాన్ని. లేకపోయేసరికి ఊరుకోలేకపోయాను. ఇరవై రెండేళ్ళ పిల్ల ఏ జ్వరమూ లేకుండా తిండి మానేసిందంటే లోపల ఇంకేదో పెద్ద రోగం మొదలైందనే నా భయం.

నా పేరు ఎర్మీలా. తిమింగలాలు పిల్లల్ని కనడానికి వచ్చే ఈ సముద్రపు మడుగులో పంతొమ్మిదేళ్ళుగా టవరు మీద రేడియో నాది. టూరిస్టులకి తిమింగలాలని చూపించే ఏ పడవ ఎన్నింటికి లోపలికెళ్ళాలో, ఎన్నింటికి బయటికి రావాలో చెప్పేది నేనే. ఒకసారికి పదహారు పడవలు, అంతకు ఒక్కటి ఎక్కువ కాకూడదు. మా ఉమ్మడి సంఘం వాళ్ళు నన్ను నిఘా పెద్దగా కూడా ఎన్నుకున్నారు. చదివింది ఆరో క్లాసే. అయినా ఎందుకు ఎన్నుకున్నారంటే, అందరికీ ఆఖర్న తట్టే చెడు ఆలోచన నాకు మొదట తడుతుంది. నిరుడు వరసగా మోటార్లు పోయినప్పుడు దొంగ దొరికింది కూడా ఈ పిరికితనం వల్లే.

ఆరూ యాభైకి బల్ల మీద రేడియో గరగరలాడింది. పీతల బుట్టలు తియ్యడానికి వెళ్ళిన ఒహేదా గొంతు.

“అక్కా, దోన్ తాచో పడవ ఇక్కడ మడచెట్లలో ఇరుక్కుని ఉంది. ఆయన లేడు.”

“సరిగ్గా చూడు. పడవలో పడుకున్నాడేమో.”

“చూశానక్కా. లేడు.”

ఏడూ ఇరవై అయిదుకి, నీళ్ళు పాటుకి తీశాక, దోన్ తాచో దొరికాడు. బురదలో బోర్లా ఉన్నాడు. అరవై ఒక్కేళ్ళు. భార్య పోయాక ఈ సీజన్లో అవతలి ఒడ్డున గుడిసెలో ఒక్కడే ఉంటున్నాడు. అందుకే రాత్రి ఇంటికి రాలేదని ఎదురుచూసినవాళ్ళు లేరు. నా నెరెయిదాకి ఆయన జ్ఞానతండ్రి. నెలల పిల్లని జ్ఞానస్నానానికి ఎత్తుకున్నది ఆయనే, పదేళ్ళప్పుడు చుక్కాని పిడి చేతికిచ్చింది ఆయనే.

ఆ కబురు చెప్పినప్పుడు పిల్ల గొల్లుమంటుందనుకున్నాను. ఏడవలేదు. లేచి గదిలోకి వెళ్ళి గొళ్ళెం పెట్టుకుంది.

పదకొండింటికి పట్నం నుంచి పోలీసు కమాండర్ రెంతెరీయా జీపు వచ్చింది. పదకొండున్నరకల్లా ఒహేదా చేతులకి బేడీలు పడ్డాయి.

“గంట కూడా పట్టలేదు, దోన్యా ఎర్మీలా,” అన్నాడు కమాండర్, కళ్ళద్దాలు తుడుచుకుంటూ. “నిన్న పన్నెండూ నలభై అయిదుకి రేవులో ఇద్దరూ వంతు కోసం కొట్టుకోబోయారు. ‘నీ పడవ మునిగిపోను’ అన్నాడట ఇతను. సాక్షులు తొమ్మిదిమంది. శవాన్ని చూసింది ఇతనే. ఇంకేం కావాలి?”

“ఆ తిట్టు ఇక్కడ దండం పెట్టినంత మామూలు. నా మొగుడు నన్ను పెళ్ళిలో కూడా తిట్టాడు ఆ మాట.”

“రేడియోలో పేర్లు చదివేవాళ్ళు కూడా కేసులు తేల్చేస్తుంటే మేం గొర్రెలు కాసుకోవాలి.”

“కాసుకోండి. మోటార్ల కేసప్పుడు మీరు లోపల పెట్టింది ఎవరిని? చర్చిలో కుంటి ఫాదర్ గారి తమ్ముణ్ణి. గుర్తుందా?”

ఆయన మొహం మాడింది. గడియారం చూసుకున్నాడు. “రెండింటికి బయల్దేరతాను. ఇతన్ని తీసుకునే వెళతాను. ఈలోపు నీ చేతనైంది చేసుకో.”

ఒకసారి పట్నం జైలు గేటు దాటినవాడు విచారణ కోసమే ఏడాదిన్నర లోపలుంటాడు. ఒహేదాకి ముగ్గురు చిన్నపిల్లలు. వాళ్ళావిడ జీపు పక్కన ఇసకలో కూలబడి ఉంది. అప్పుడు టైము పదకొండూ నలభై.

జీపు కిటికీలోంచి ఒహేదాని అడిగాను. “కొట్లాట అయ్యాక ఎటు వెళ్ళావు?”

“వల బాగుచేసుకుంటూ ఒడ్డునే ఉన్నానక్కా. ఒకటీ ఇరవై ప్రాంతంలో దోన్ తాచో పడవ మళ్ళీ నీళ్ళలోకి వెళ్ళడం చూశాను. ఆ దొరకి చెప్పాను కూడా. రాసుకోలేదు.”

“ఒక్కడే వెళ్ళాడా?”

“ఏడెనిమిది తలలు. నీలం టోపీలు.”

నీలం టోపీలు ఇచ్చేది ఒక్క పచ్చాకు కంపెనీయే. వాళ్ళ బోర్డు మీద పచ్చ ఆకు బొమ్మ ఉంటుంది కాబట్టి మేమంతా అలాగే పిలుస్తాం. అవతలి దిబ్బ మీద మూడేళ్ళ క్రితం గుడారాలు వేశారు. ప్రకృతికి హాని చెయ్యని హోటలు కడతామని సంఘాన్ని భూమి అడుగుతున్నారు. మీటింగులో మొదట లేచి వద్దన్నవాడు దోన్ తాచో.

“ఇంకో మాట. నువ్వు గనక ఆయన్ని నీళ్ళలోకి తోసి పడవ దాచాలంటే మోటారు ఏం చేస్తావు?”

ఒహేదా అంత ఏడుపులోనూ నన్ను వింతగా చూశాడు. “ఏం చేస్తాను? ఏమీ చెయ్యను. తిమింగలాలున్న నీళ్ళలో మోటారు ఎవడాపుతాడక్కా? చావాలనుకున్నవాడు కూడా ఆపడు.”

ఇది బయటివాళ్ళకి తెలియని సంగతి. మా నీళ్ళలో పడవ నిలిపినా మోటారు ఆపం. సన్నగా తిరుగుతూనే ఉండాలి. తల్లి తిమింగలం కళ్ళతో కాదు, చెవులతో బతుకుతుంది. ఆ చప్పుడు వింటే పడవ ఎక్కడుందో దానికి తెలుస్తుంది. పిల్లని వెంటబెట్టుకుని మెల్లగా పక్కకి వచ్చి, చెయ్యి చాచితే అందేంత దగ్గరలో తల పైకెత్తుతుంది. చప్పుడు ఆగిపోతే దాని లెక్కలో పడవ లేదు. ఊపిరి తీసుకోవడానికి సరిగ్గా అక్కడే పైకి లేస్తుంది.

పచ్చాకు కంపెనీ పుస్తకంలో మాత్రం వేరేగా ఉంటుంది. ముప్ఫై మీటర్ల లోపుకి వస్తే మోటారు ఆపాలి, ఎర్ర తాడు ఊడదీసి కొక్కేనికి తగిలించాలి, శబ్దంతో జీవులని బాధపెట్టరాదు. ఎక్కడి సముద్రం కోసం రాశారో గాని, ముచ్చటగా బొమ్మలు కూడా వేశారు. ఒహేదా తనకిచ్చిన కాపీని చించి ఆల్చిప్పలు కాల్చుకున్నాడు.

పన్నెండుంపావుకి పడవ దగ్గరకి వెళ్ళాను. ఒడ్డుకి లాగి పక్కకి ఒరిగించి పెట్టారు. మోకాళ్ళ మీద కూర్చుని ముందు నించి వెనక్కి చూసుకుంటూ వచ్చాను.

లైఫ్ జాకెట్లు ఆరు. ఆరూ తడిగా, బెంచీల కింద. చివరి ట్రిప్పు అయ్యాక దోన్ తాచో జాకెట్లు తీసుకెళ్ళి గుడిసె ముందు తాడు మీద ఆరేస్తాడు. నా పుస్తకం ప్రకారం ఆయన నిన్న మడుగులోంచి బయటపడింది పన్నెండున్నరకి. అదే చివరిదైతే జాకెట్లు తాడు మీద ఉండాలి. అంటే ఆ తర్వాత నా పర్మిషన్ లేకుండా ఇంకో ట్రిప్పు జరిగింది. ఒహేదా అబద్ధమాడలేదు.

పెట్రోలు ముప్పావు ట్యాంకు. అయిపోయి ఆగిన మోటారు కాదిది.

తర్వాత ఎర్ర తాడు చూశాను. మోటారుకి ప్రాణం ఆ తాడు చివరున్న క్లిప్పే. అది ఊడితే మోటారు ఆగిపోతుంది. పొరపాటున కూడా ఊడకూడదని దోన్ తాచో ఎనిమిదేళ్ళ క్రితం దాన్ని గాలపు దారంతో చుట్టి చుట్టి కట్టేశాడు. తాళంతోనే ఆపేవాడు, అది కూడా ఒడ్డు తగిలాకే. ఇప్పుడు ఆ ఎర్ర తాడు కొక్కేనికి వేలాడుతోంది, పుస్తకంలో బొమ్మలాగా.

గాలపు దారం పడవ అడుగున దొరికింది. కత్తితో కోసింది కాదు. ముళ్ళు ఒక్కొక్కటే ఓపిగ్గా విప్పారు. దెబ్బలాటలో జరిగే పని కాదు అది. పక్కన ఆయన కూర్చుని చూస్తుండగానే విప్పి ఉండాలి.

ఆఖరున పడవ కింద చెయ్యి పెట్టి తడిమాను. నీలం రంగు మీద బారెడు పొడుగున కొత్త గీతలు. ఆ గీతల్లో తెల్లటి పొడి. గోటితో గీరి ఎండలో పెట్టి చూశాను. తిమింగలం ఒంటికి అంటుకుని పెరిగే గట్టి గుల్లలు నలిగిన ముక్కలవి.

ఇసకలో అలాగే కూర్చుండిపోయాను. ఎవరూ ఎవరినీ చంపలేదు. మోటారు ఆపారు. తల్లి తిమింగలం పడవ కిందనించి పైకి లేచింది. జాకెట్టు తొడుక్కోకుండా దాని మీద కూర్చునే అలవాటున్న ముసలాయన చలి నీళ్ళలోకి ఎగిరిపడ్డాడు.

మిగిలినవాళ్ళు ఎక్కడ?

ఒంటిగంటకి దిబ్బ ఎక్కాను. పచ్చాకు కంపెనీ మేనేజరు కాస్తెయోత్ గుడారం ముందు ఉన్నాడు. రాజధాని నుంచి వచ్చినవాడు, మర్యాద చాలా ఎక్కువ.

“సెన్యోరా ఎర్మీలా, ఎంత దారుణం జరిగింది! కూర్చోండి. మంచినీళ్ళు?”

“మా బావిలోవేగా. దానికే తిరిగిచ్చేయండి, వేసవికి అడుగంటుతోంది.” గ్లాసు ముట్టుకోలేదు. “మీ అతిథులు ఆరుగురు ఆదివారం దాకా ఉంటారని నా దగ్గర రాసుంది. ఏరి?”

“పొద్దున ఆరింటికి విమానం ఎక్కించేశాం. గాలి పెరుగుతుందన్నారు.”

“పెరిగే గాలిలో చిన్న విమానం పైకి లేపారా? మా వాళ్ళు టూరిస్టుల పడవ ఒక్కటీ దించలేదు ఆ టైముకి.”

ఆయన నవ్వు కొంచెం సడలింది.

“నిన్న ఒకటీ ఇరవైకి వాళ్ళెక్కడున్నారు?”

“భోజనాల గుడారంలో.”

“ఎవరు వాళ్ళు? మామూలు టూరిస్టులైతే ఫొటోలు చూపించకుండా వెళ్ళరు.”

కాస్తెయోత్ గ్లాసు పక్కకి జరిపాడు. “తనిఖీదారులు. పర్యావరణ సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ళు. మీ మడుగు బాగు కోసమే, సెన్యోరా. ఆ సర్టిఫికెట్ వస్తే ప్రపంచమంతా మీ గురించి తెలుస్తుంది. మీ అమ్మాయి లాంటి వాళ్ళకి ఏడాది పొడుగునా ఉద్యోగం.”

“మా మడుగు బాగు మేం కాగితం లేకుండానే చూసుకున్నాం. మా మామగారు చేపల వేట మానుకున్నది మీరు పుట్టకముందు. పదహారు పడవల లెక్క పెట్టుకున్నది మేమే. మీ వాళ్ళ కోసం పదిహేడో పడవ ఎవరు దించమన్నారు?”

“మీరేం మాట్లాడుతున్నారో నాకు అర్థం కావట్లేదు.”

“మోటారు ఆపమని మీటింగులో దోన్ తాచోకి రెండుసార్లు చెప్పారు మీరు. నవ్వి ఊరుకున్నాడు. నిన్న ఎలా ఒప్పుకున్నాడు?”

“దానికి నేనేం జవాబు చెప్పను? ఆయన పోయాడు.” ఆయన లేచి నిలబడ్డాడు. “మీ ఇంట్లో వాళ్ళని...” అని సగంలో ఆగిపోయాడు. నోరు జారిందని ఆయనకి తెలిసింది. నాకూ తెలిసింది.

దిబ్బ దిగి వస్తుంటే ఆ దారం ముళ్ళు కళ్ళముందు కదిలాయి. తన మోటారు మీద చెయ్యి వేస్తే తమ్ముణ్ణి కూడా కసిరేవాడు ఆయన. పక్కన కూర్చుని చూస్తూ ముళ్ళన్నీ విప్పనిచ్చాడంటే, విప్పుతున్నది ఎవరు? ఈ ఊళ్ళో ఆ పుస్తకం చదివి కంపెనీ గైడు పరీక్ష పాసైనవాళ్ళు నలుగురు. ఇద్దరు పోయిన సోమవారం నించి పట్నంలో ఉన్నారు. ఒకడు కాలు విరిగి మంచం మీద ఉన్నాడు. నాలుగోది నా పిల్లే. ఫీజు కట్టి, వద్దన్నా పంపించిందాన్ని నేనే. చేపల పడవల్లో చావకూడదు, శుభ్రమైన ఉద్యోగం దొరకాలి అనుకున్నాను.

జీపు దగ్గరకి చేరేసరికి ఒకటిన్నర. కమాండర్ ఎంపనాదా తింటున్నాడు. చెప్పవలసినవన్నీ చెప్పాను. నీలం టోపీలు, జాకెట్లు, పెట్రోలు, పడవ కింద గీతలు. పొట్లంలో కట్టి తెచ్చిన గుల్లల పొడి జీపు బానెట్ మీద పోశాను.

ఆయన తినడం ఆపాడు. వెటకారం తగ్గింది. మనిషి మొండివాడే గాని మూర్ఖుడు కాదు.

“సరే. తిమింగలం లేపిందనుకుందాం. టవరు మీద నువ్వు ఎన్నింటిదాకా ఉన్నావు?”

“నాలుగింటిదాకా.”

“రేడియో?”

“చెవి పక్కనే. మడచెట్ల అవతల ఏం జరిగినా నాకు కనపడదు, పిలుపు మాత్రం ఒక్కటీ రాలేదు.”

“ఏడెనిమిదిమంది కళ్ళముందు ఒకడు నీళ్ళలో పడితే ఒక్కడూ రేడియో ముట్టుకోలేదా? దీన్ని ప్రమాదం అనరు దోన్యా, వదిలేసి పోవడం అంటారు. దానికి కూడా జైలే.” వేళ్ళు తుడుచుకున్నాడు. “టోపీలు ఊళ్ళో సగంమందికి ఉన్నాయి. నీ మాటకి నాకు సాక్షి కావాలి. మోటారు ఆపింది ఎవరు? పేరు చెప్పు, ఒహేదా బేడీలు ఇప్పుడే తీస్తాను.”

ఒహేదా భార్య ఇసకలోంచి తలెత్తి నా వంకే చూసింది. “చెప్పక్కా. నీకు తెలుసు. నీ మొహం చూస్తేనే తెలుస్తోంది,” అంది.

పంతొమ్మిదేళ్ళు రేడియోలో పేర్లు చదివినదాన్ని, ఒక్క పేరు పైకి రాలేదు.

“పది నిమిషాలివ్వండి,” అన్నాను.

“రెండింటికి బండి కదులుతుంది.”

“తెలుసు.”

ఇంటికి పరిగెత్తలేదు. పరిగెడితే అందరూ చూస్తారని భయం. నడిచాను. దారిలో ప్రతి చెడూ తట్టింది నాకు. పిల్ల కిటికీలోంచి పారిపోయుంటుంది. ఉరేసుకుని ఉంటుంది. మాత్రలన్నీ మింగేసుంటుంది. ఒక్కటి మాత్రం తట్టలేదు, గొళ్ళెం తీసే ఉంటుందని.

మంచం మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. నిన్నటి బట్టలే. పొద్దున నేను ఎలా చూడలేదో, పంట్లాం అంచుల మీద ఉప్పు తెల్లగా గడ్డకట్టి ఉంది. వేళ్ళ కొసల్లో సన్నటి దారం కోతలు.

పక్కన కూర్చున్నాను.

“పడవ చూశాను,” అన్నాను. “కింద గీతలు చూశాను. దారం చూశాను. నువ్వడిగితే ఆయన కాదనడు. ఆయనకి నువ్వంటే అంత.”

వేళ్ళు పిడికిలిలో దాచుకుంది.

“వచ్చినవాళ్ళు పరీక్ష పెట్టేవాళ్ళు. పుస్తకంలో ఉన్నట్టు చెయ్యకపోతే నీ ఉద్యోగం పోతుందన్నారు. అవునా? నిన్ను ఆ పుస్తకానికి పంపింది నేను. నన్ను తిట్టు, పరవాలేదు.”

గోడ మీద ఎండ పలక మెల్లగా జరుగుతోంది.

“ఒహేదాని తీసుకెళ్ళిపోతున్నారు. వాళ్ళ చిన్నది నిన్ను ‘అక్కా అక్కా’ అని వెంటపడుతుంది. నేను బయటికెళ్ళి ఒక పేరు చెప్పాలి. నీ నోటితో వినకుండా ఆ పేరు చెప్పలేను. విన్నాక చెప్పకుండా ఉండలేను. అది తెలిసే అడుగుతున్నాను.”

కింద రోడ్డు మీద జీపు స్టార్టయిన చప్పుడు వినిపించింది. ఒహేదా భార్య అరుపు వినిపించింది. నేను లేవలేదు. మళ్ళీ అడగనూ లేదు. చిన్నప్పుడు జ్వరమొస్తే పట్టుకున్నట్టు దాని తల నా భుజానికి ఆనించుకున్నాను. లెక్కపెట్టడం తప్ప ఇంకేం చేతకాక ఊపిరులు లెక్కపెట్టాను. అరవై దాటాయి. వందకి దగ్గరపడ్డాయి. జీపు మలుపు తిరుగుతున్న చప్పుడుకి లేచి, తలుపు దాకా వెళ్ళి, ఆ పేరు అరవడానికి నోరు తెరిచాను.

“ఆపింది నేనేనమ్మా,” అంది వెనకనించి. గొంతు నీళ్ళ అడుగునించి వస్తున్నట్టుంది. “ఆయన పడ్డాక మోటారు మళ్ళీ అందుకోలేదు. గాలి మమ్మల్ని ఆయనకి దూరంగా మడచెట్లవైపు లాక్కెళ్ళిపోయింది. రేడియో తీసి నిన్ను పిలవబోయాను. కాస్తెయోత్ నా చేతిలోంచి లాక్కున్నాడు, పర్మిషన్ లేని ట్రిప్పు, మీ అమ్మ రాసేసుకుంటుంది అన్నాడు. అప్పటికింకా దోన్ తాచో చెయ్యి ఊపుతూనే ఉన్నాడమ్మా.”